వంతులోని న్యాయము

లోకమునందు పనులు రెండు విధములు. ఒక్కసారి చేసిన తీరిపోవునవి కొన్ని. నేడు చేసినను రేపు మరల చేయవలసినవి కొన్ని. ఇల్లు కట్టుట మొదటి విధము. ఇల్లు ఊడ్చుట రెండవ విధము. కాలువ త్రవ్వుట మొదటిది. ఆ కాలువలో ఏటేట చేరు పూడికను తీయుట రెండవది. మొదటి విధపు పని చేసినవారికి కీర్తి కలుగును. వారి పేరు శిలాఫలకములపై చెక్కబడును. రెండవ విధపు పని చేయువారిని తలంచువారు అరుదు. కాని వారు కొన్నాళ్లు చేతులు ముడుచుకొని కూర్చుండినచో, మొదటివారు చేసిన ఘనకార్యములన్నియు నిష్ప్రయోజనములగును.

ఇట్టి నిత్యకృత్యములను పలువురు కలిసి చేయవలసి వచ్చినపుడు, “నేడు ఎవరు?” అను ప్రశ్న పుట్టును. “అందఱును అందలమెక్కిన మోయువారెవరు?” అని సామెత కలదు. మోయువారు కొందఱు ఉండక తప్పదు. కాని ఎల్లకాలమును ఆ కొందఱే మోయవలయునా? ఈ చిక్కును తీర్చుటకు పూర్వులు కనిపెట్టిన ఉపాయమే వంతు. తలకొక దినము పని చేసినచో ఎవరికిని భారము కాదు. వినుటకు ఇది మిక్కిలి సులభముగ నుండును. కాని వంతు వేయుట వేఱు. న్యాయముగ వంతు వేయుట వేఱు. ఈ భేదము విజయవాడ నగరమునందును, ఆ నగరమునకు దిగువ పఱచుకొనియున్న కృష్ణా డెల్టాయందును చక్కగ తెలియును.

విజయవాడ నడుమ గవర్నరుపేట కలదు. బీసెంటు రోడ్డు అంగళ్లతోను, కార్యాలయములతోను ఎల్లప్పుడు సందడిగ నుండు పేట అది. రోడ్డు రవాణా సంస్థకు ఈ పేట పేరుతో బస్సు డిపోలు కలవు. ఆంధ్రప్రదేశమున ఈ సంస్థ 1958 జనవరి 11వ తేదీన ఏర్పడెను. 2020 జనవరి 1వ తేదీనుండి దాని ఉద్యోగులు రాష్ట్ర ప్రభుత్వోద్యోగులైరి. ప్రయాణికుల కంటికి డిపో యనగా బస్సులు నిలుచు చోటు. పనిచేయువారికి అది పని పంచు చోటు. ఏ బస్సును ఏ డ్రైవరు నడపవలెనో, అందు ఏ కండక్టరు టిక్కెట్లు ఈయవలెనో నిర్ణయించి డ్యూటీ చార్టు వ్రాయుదురు. ఆ చార్టు ఒకనాటితో ముగియునది కాదు. నేడు వ్రాసినను రేపు మరల వ్రాయవలసినదే.

బస్సు పనులన్నియు ఒక్క తీరున నుండవు. కోడికూతకు ముందే బయలుదేరవలసిన బస్సు ఒకటి. నగరములో జనసమ్మర్దము నడుమ అడుగడుగునకు ఆగుచు పోవు బస్సు ఒకటి. దూరపు ఊరికి పోయి, రాత్రి అచటనే నిలిచి, మఱునాడు తిరిగివచ్చు బస్సు ఇంకొకటి. దానితో వెళ్లినవారికి ఆ రాత్రి ఇంటి భోజనము లేదు, ఇంటి నిద్ర లేదు. పండుగనాడు ఊరంతయు ఇంటిపట్టున నుండగా కొందఱు దారిలోనే యుందురు.

పనివారి శ్రమకు హద్దు నిర్ణయించుటకు చట్టములు పుట్టినవి. 1961వ సంవత్సరమున భారత పార్లమెంటు మోటారు రవాణా కార్మికుల చట్టమును చేసెను. దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు మించి పని చేయింపరాదనియు, ఎడతెగక 5 గంటలు పనిచేసినవానికి కనీసము అఱగంట విశ్రాంతి యుండవలెననియు, ఏడు దినములలో ఒక దినము సెలవు కావలెననియు ఆ చట్టము సాధారణ నియమములు చేసెను. దూరప్రయాణపు బస్సులు మొదలగువానికి కొన్ని సడలింపులు నుండెను. ఇట్టి నియమములు మిక్కిలి యవసరము. ఐనను ఒక్క సంగతిని ఏ చట్టమును తేల్చజాలదు. ఎనిమిది గంటలు ఎవరికైనను ఎనిమిది గంటలే. కాని ఏ ఎనిమిది గంటలు ఎవరివి? రోహిణి కార్తెలో రోళ్లు పగులునని చెప్పుదురు. విజయవాడ యెండలో మిట్టమధ్యాహ్నము ఇంజను వేడిమి చెంత కూర్చుండిన ఎనిమిది గంటలును, చల్లని వేకువతో మొదలైన ఎనిమిది గంటలును గడియారమునకు సమానము. దేహమునకు సమానములు కావు.

అట్లయిన పని పంచుటకు ఉత్తమమైన మార్గమేది? లోకమున వాడుకలో నున్నవి నాలుగు మార్గములు.

మొదటిది, ఏ పనికి ఎవడు సమర్థుడో వానికే ఆ పని నిచ్చుట. ఇది ఆనాటికి మేలుగ కనబడును. రద్దీ దారిలో బస్సును నేర్పుతో నడపువానికి రద్దీ దారినే ఇచ్చినచో పని చక్కగ జరుగును. కాని మఱునాడును, ఆ మఱునాడును వానికే అది వచ్చును. కొన్ని మాసములు గడచునప్పటికి నేర్పరి అలసిపోవును. క్రొత్తవానికి ఆ దారి ఎన్నటికిని తెలియదు. తన పనిని శ్రద్ధగ చేయుటవలననే తనకు బరువు పెరుగుచున్నదని యెఱిగినవాడు, రానురాను ఆ శ్రద్ధను తగ్గించుకొనును. ఒకనాటి లాభమును చూచి పంచిన పని, ఏడాది కడపట నష్టముగ పరిణమించును.

రెండవది, పెద్దవారు ముందు కోరుకొనుట. చిరకాలము సేవచేసినవారిని మన్నించుట న్యాయమే. కాని పెద్దలు కోరుకొనగ మిగిలినదే చిన్నవారికి దక్కును. ఆ మిగులు ప్రతి దినము ఒక్కటే యైనచో, క్రొత్తగా చేరినవాడు దానిని తన వంతు అనుకొనడు, శిక్ష యనుకొనును.

మూడవది, చీట్లు వేయుట. ఇందు పక్షపాతమునకు తావు లేదు. చీటి బంధువును చూడదు, ధనికుని చూడదు. కాని చీటికి జ్ఞాపకము లేదు. నిన్న కష్టపడినవానికి నేడును అదే చీటి రావచ్చును, ఎల్లుండియు రావచ్చును.

నాలుగవది వంతు. వంతునకు జ్ఞాపకము కలదు. నిన్న ఎవరు చేసిరో, మొన్న ఎవరు చేసిరో అది లెక్కయుంచును. అందుచేతనే పని మరల మరల వచ్చుచోట్ల వంతు తక్కిన మూడింటికంటె మెఱుగు. ఐనను వంతులోను లోపములు దాగియుండును. వానిని గ్రహించుటకు గవర్నరుపేట విడిచి, కాలువ వెంట దిగువకు పోవలెను. బస్సులకంటె ముందే ఈ దేశమునకు కాలువలు వచ్చినవి. కాలువలతోపాటు వంతు తగవులును వచ్చినవి.

1833వ సంవత్సరపు గుంటూరు కఱవులో లెక్కకు మిక్కిలిగ ప్రజలు మరణించిరి. చెంతనే కృష్ణానది సముద్రములో కలియుచుండగ పొలములు ఎండుట చూచి, ఆనకట్ట యవసరమును ప్రభుత్వము గుర్తించెను. 1852లో పని మొదలై 1855లో విజయవాడయొద్ద ఆనకట్ట పూర్తియయ్యెను. కెప్టెన్ ఆర్ అను ఇంజనీరు దానిని నిర్మించెను. ఆ ఆనకట్ట శిథిలము కాగా, టంగుటూరి ప్రకాశముగారి పేరుతో 1957లో ప్రకాశం బ్యారేజి అదే తావున వెలసెను. విజయవాడ నగరము నడుమనుండి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవసు కాలువ సాగిపోవుచున్నవి. నదికి ఆవలి యొడ్డున గుంటూరు ప్రాంతమునకు వేఱు కాలువలు కలవు. ఇరుగట్లను కలిపి సుమారు 13 లక్షల ఎకరములు ఈ నీటిపై ఆధారపడియున్నవి.

పెద్ద కాలువనుండి చిన్న కాలువ, చిన్న కాలువనుండి తూము, తూమునుండి బోదె, బోదెనుండి పొలము — ఇది నీరు నడచు దారి. దారికి మొదట నున్నవాడు ఎగువ రైతు. కడపట నున్నవాడు శివారు రైతు. దివిసీమలోను, బంటుమిల్లి, కైకలూరు ప్రాంతములలోను శివారు భూములు విస్తారముగ కలవు. ఎగువ రైతు మడికి గండి తెఱచిన చాలును, నీరు పాఱును. శివారు రైతు మాత్రము బోదె వెంట నడచి వచ్చి, ఎవరెవరు ఎంత విడిచిరో చూచుకొనవలెను. నీరు ఆలస్యమైనచో సార్వా నారు మడిలోనే ముదురును. ముదిరిన నారు ఊడ్చిన దుబ్బు కట్టదు, దిగుబడి తగ్గును. కోత వెనుకబడిన, పిదప చల్లవలసిన మినుమునకును పెసరకును అదను తప్పును. ఒక్క వంతు తప్పినందువలన ఒక కుటుంబము ఏడాది తిండి తఱుగుట డెల్టాలో ఎఱుగనివారు లేరు.

నీరు లాభము. ఆ నీరు పాఱుటకై చేయవలసిన పని భారము. బోదెలో ఏటేట పూడిక చేరును. తూటికాడయు గుఱ్ఱపుడెక్కయు అల్లుకొనును. వేసవిలో కాలువలు కట్టివేసినపుడు పారయు తట్టయు పట్టుకొని బోదెను బాగు చేసికొనవలెను. ఇక్కడనే చిక్కు వచ్చును. తన పొలము దాటిన పిదప బోదె ఎట్లున్నను ఎగువ రైతునకు నష్టము లేదు. శివారు రైతునకో, మొదటినుండి చివఱవఱకు బోదె అంతయు బాగుగ నుండిననే గాని చుక్క నీరు రాదు. పని యవసరము దిగువవానికి హెచ్చు. నీటిపై చేయి ఎగువవానికి హెచ్చు. “ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చె” నను సామెత ఇట్టి సందర్భములలోనే పుట్టియుండును.

దీనికి పూర్వకాలపు కట్టుబాటు కుడిమరామత్తు. చెఱువుల క్రిందను, చిన్న కాలువల క్రిందను నీరు వాడుకొను ప్రతి రైతును తన వంతు శ్రమ నిచ్చి మరమ్మతు చేయవలెనని ఆ కట్టుబాటు. క్రమముగ అది సడలెను. 1858లో మద్రాసు రాజధానికి నిర్బంధ శ్రమ చట్టము చేయబడెను. గట్లు తెగు ప్రమాదము వచ్చినపుడు గ్రామస్థులను పనికి పిలుచుటకు ఆ చట్టము అధికారుల కధికార మిచ్చెను. కుడిమరామత్తు ఎగవేసినవాడు ఆ శ్రమ వెలకు రెండింతలు చెల్లింపవలెనని విధించెను. చట్టము గట్టిదే. ఐనను తరువాతి కాలమున కుడిమరామత్తు తిరిగి పూర్వపు స్థితికి రాలేదు. దండనకు వెఱచి వచ్చినవాడు పార పట్టవచ్చును గాని, ఎవరును చూడనిచోట లోతుగ త్రవ్వడు.

ఇక వంతులలోని లోపమును ఒక చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. ఒక బోదె క్రింద సమానమైన పొలము గల నలుగురు రైతులు కలరని యనుకొనుడు. నీరు కొఱవడిన దినములలో ఒక్కొక్కరికి 6 గంటల చొప్పున, అనగా రెండు జాముల చొప్పున, వంతు వేసిరి. మొదటివానికి ఉదయము 6 మొదలు మధ్యాహ్నము 12 వఱకు. రెండవవానికి 12 మొదలు సాయంకాలము 6 వఱకు. మూడవవానికి 6 మొదలు అర్ధరాత్రి వఱకు. నాలుగవవానికి అర్ధరాత్రి మొదలు తెల్లవాఱు వఱకు. నెల గడచునప్పటికి నలుగురికిని 180 గంటలే. లెక్క సరిపోయినది. కాని నాలుగవవాడు 30 రాత్రులు నిద్ర లేక, లాంతరు పట్టుకొని, పురుగుపుట్ర భయముతో గట్టుపై నిలిచెను. మొదటివాడు ఒక్క రాత్రియు మేల్కొనలేదు. గంటలను మాత్రమే లెక్కించువానికి ఇందలి అన్యాయము కనబడదు.

అదే బోదె క్రింద ఐదుగురు రైతులు కలరనుకొనుడు. అప్పుడు చుట్టు 30 గంటలకు వచ్చును. సోమవారము ఉదయము 6 గంటలకు వంతు మొదలిడినవానికి మరల మంగళవారము మధ్యాహ్నము, పిదప బుధవారము సాయంకాలము, ఆ పిదప గురువారము అర్ధరాత్రి వంతు వచ్చును. శనివారము తిరిగి ఉదయమే వచ్చును. ఈ విధముగ ఐదు దినములలో ప్రతివానికి నాలుగు వంతులు వచ్చును. వానిలో పగటి మేలును, రాత్రి కష్టమును సమముగ కలిసియుండును. నలుగురున్నపుడు న్యాయము తనంతట రాదు. వారమునకొకమాఱు వరుసను జరిపిన గాని కుదురదు. వంతును ఏర్పఱచువాడు ఈ మాత్రము ముందుచూపు కలిగియుండవలెను.

పంజాబు, హర్యానా ప్రాంతముల కాలువల క్రింద వారబందీ యను పద్ధతి కలదు. అందు చుట్టు సాధారణముగ ఏడు దినములు. ఒకనికి సోమవారము రాత్రి వంతు వచ్చినచో, ఏడాది పొడవునను సోమవారము రాత్రియే వచ్చును. కావున వరుసను ఏటేట 12 గంటలు జరుపుదురు. ఈ యేడు రాత్రి మేల్కొన్నవాడు వచ్చు ఏడు పగలు నీరు పెట్టుకొనును. అంతియ కాదు. ఖాళీ కాలువలో నీరు నిండి పొలము చేరుటకు కొంత కాలము పట్టును. ఆ కాలమును రైతు వంతులో కోయక, వేఱుగ లెక్కించి కలుపుదురు. ఆ విధముగ కాకున్న దూరపు రైతు కాగితముమీద సమానుడై, పొలములో తక్కువవాడగును.

వంతు న్యాయమైనదైనను, దానిని ఎవరు ఏర్పఱచిరనునది మఱియొక ప్రశ్న. దీనికి తమిళదేశమునందలి ఉత్తరమేరూరు శాసనములు ప్రసిద్ధమైన నిదర్శనము. కాంచీపుర ప్రాంతములోని ఈ గ్రామమున, చోళరాజైన మొదటి పరాంతకుని కాలమున, అనగా సుమారు 920వ సంవత్సర ప్రాంతమున, గ్రామసభ తన నియమములను గోడలపై చెక్కించెను. గ్రామమును 30 వాడలుగ విభజించిరి. అర్హుల పేర్లు తాటియాకు ముక్కలపై వ్రాసి, కుండలో వేసి, ఒక బాలునిచేత తీయించిరి. చెఱువును చూచుకొనుటకు ఒక సంఘము, తోటలకు ఒక సంఘము, సంవత్సర వ్యవహారములకు ఒక సంఘము ఏర్పడుచుండెను. చీటికి జ్ఞాపకము లేదను లోపమును వారు ఎఱుగుదురు. అందుచేత, గడచిన మూడు సంవత్సరములలో సంఘమున పనిచేసినవానికి మరల అర్హత లేదని నిర్ణయించిరి. పదవిలో నుండి లెక్కలు అప్పగింపనివానికిని, వాని బంధువులకును అర్హత తొలగించిరి. చీటిలోని నిష్పక్షపాతమును, వంతులోని జ్ఞాపకమును ఒకచోట కలిపిన ఏర్పాటు ఇది.

ఐనను ఆ ఏర్పాటును ప్రశంసించునపుడు రెండవ వైపును చూడవలెను. భూమియు, స్వంత ఇల్లును, వేదవిద్యయు కలిగి, 35 మొదలు 70 ఏండ్ల వయస్సు గలవారికే అందు ప్రవేశము. స్త్రీలకు చోటు లేదు. చెఱువులో దిగి మట్టి మోసిన కూలివానికి చోటు లేదు. మోయువానికే తెలియును కావడి బరువు. కాని ఆ బరువును గుఱించి మాటాడు హక్కు మోయువానికి లేకపోయెను. లోపలివారి నడుమ న్యాయము, వెలుపలివారికి మౌనము — ఇది సగము న్యాయమే.

ఇటీవలి కాలమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1997లో సాగునీటి వ్యవస్థలను రైతులే నిర్వహించుకొనుటకు ఒక చట్టమును చేసెను. నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడెను. అదే సంవత్సరమున అవిభక్త రాష్ట్రమున పదివేలకు పైగా సంఘములకు ఎన్నికలు జరిగెను. వంతుల పట్టికను తయారుచేయుట, మరమ్మతులకు ఏర్పాటు చేయుట, తగవులు తీర్చుట, లెక్కలు వ్రాసి తనిఖీ చేయించుట ఈ సంఘముల విధులు. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశమున ఈ సంఘములకు మరల ఎన్నికలు జరిగెను. 1858 నాటి చట్టము రైతును పనికి పిలిచెను. 1997 నాటి చట్టము రైతును ఆలోచనకు పిలిచెను. ఇద్దఱు పిలుపులలోని భేదము చిన్నది కాదు. తాను కూర్చుండి వ్రాసిన పట్టికను తానే మీఱుటకు మనుష్యుడు కొంత జంకును.

సంఘము పుట్టినంతమాత్రమున న్యాయము పుట్టదు. సభకు ఎగువవారు మాత్రమే వచ్చి, శివారువారు రానిచో, పట్టిక ఎగువవారిదే యగును. కూలి దినమున సభ పెట్టినచో కూలి చేసికొనువాడు రాలేడు. డెల్టాలో పలుచోట్ల భూమి ఒకనిది, సేద్యము కౌలుదారునిది. రాత్రి గట్టుపై నిలుచు కౌలుదారునకు మాట లేక, పట్టణమున నుండు ఆసామికే మాట యున్నచో, ఆ మాటలో రాత్రి కష్టము వినబడదు. లెక్కలు వ్రాసి పెట్టెలో దాచినచో వ్రాయనట్లే. పట్టిక అందఱు చదువుచోట నుండవలెను. “నా వంతు తప్పినది” అని మొఱ పెట్టుకొనుటకు ఒక తావు, ఆ మొఱ వినుటకు ఒకరు ఉండవలెను.

వంతునకు కొంత మెత్తదనమును కావలెను. రోగిని, వృద్ధుని, బాలింతను వంతు పేరిట పట్టి లాగుట న్యాయము కాదు. ఇంట పెండ్లి యున్న డ్రైవరు తోటివానితో వంతు మార్చుకొనుట తప్పు కాదు. ఇరువురును ఒప్పుకొని, ఆ సంగతి చార్టులో ఎక్కిన చాలును. కాని ఒకనికి మినహాయింపు ఇచ్చినపుడు ఆ భారమును ప్రక్కవాని నెత్తిన వేయరాదు. దానిని అందఱును పంచుకొనవలెను. లేనిచో దయ చూపినవాడు ఒకడు, దాని వెల చెల్లించినవాడు మఱియొకడు అగును.

ఇంతయు విని ఎగువ రైతు, “నాకు నీరు ఎట్లయినను వచ్చును. ఈ వంతులో నేనేల చేరవలెను?” అని అడుగవచ్చును. అది సహజమైన ప్రశ్న. దానికి కోపముతో కాక, సత్యముతో సమాధానము చెప్పవలెను. ఎగువవానికిని ఎగువ కలదు. తన బోదెలో మొదటివాడైన రైతు, ఆ చిన్న కాలువలో చివఱివాడు కావచ్చును. ఆ చిన్న కాలువ పెద్ద కాలువకు శివారు కావచ్చును. అంతయేల? కృష్ణా డెల్టా యంతయు కృష్ణానదికి శివారే. ఆ నది మహారాష్ట్రములో మహాబలేశ్వరమునొద్ద పుట్టి, కర్ణాటకమును, తెలంగాణమును గడచి, సుమారు 1,400 కిలోమీటర్లు నడచి ఇచటికి వచ్చుచున్నది. ఎగువ రాష్ట్రములు ఎంత విడుచునో అనునది డెల్టా రైతుల నిత్య విచారము. 1969లో నియమింపబడిన బచావత్ ట్రిబ్యునలు 1973లో తీర్పు చెప్పి, మహారాష్ట్రమునకు 560, కర్ణాటకమునకు 700, నాటి ఆంధ్రప్రదేశమునకు 800 టి.ఎం.సి.ల నీరు కేటాయించెను. “దిగువ నున్నంతమాత్రమున మా హక్కు తగ్గునా?” అనునదే ఇట్టి వివాదములలో దిగువ ప్రాంతము చేయు వాదము. ఎగువ రాష్ట్రముతో ఆ మాట అనిన నోటితోనే, తన బోదె చివఱనున్న రైతుతో “దిగువ నున్నావు గనుక వేచియుండుము” అని యనుట తగునా? పైవారినుండి తాను కోరు న్యాయమును క్రిందివారికి తాను చెల్లింపవలెను. వంతులో చేరుటకు ఇంతకంటె గట్టి కారణము లేదు.

డిపోలోను ఇదే జరుగును. నేడు చార్టులో మేలైన పని పొందినవాడు రేపు ముసలివాడగును, రోగియగును, లేక క్రొత్త చోటికి బదిలీయై అచట కడపటివాడగును. నేటి చిన్నవానికి జరిగిన న్యాయమే రేపు తనకు రక్షణ. ఈ నమ్మకము గలచోట పనివారు పిలువకనే వత్తురు. అది తొలగినచోట ఒకడు సెలవు చీటి పంపును, ఒకడు ఆలస్యముగ వచ్చును, ఒకడు పని మానుకొనును. తెల్లవాఱుజాము బస్సు కదలదు. దారిలో నిలిచిన ప్రయాణికునకు కారణము తెలియదు. అది చార్టులో ఎన్నడో వ్రాయబడియుండును.

పాఠశాలలో నల్లబల్ల తుడుచుట, కుండలో నీరు నింపుట, తరగతి ఊడ్చుట వంటి పనులు ప్రతి దినము కలవు. వానికి వంతు వేయునపుడు, ఆ పట్టిక వ్రాయుటకు తరగతిలో ఎవరెవరిని పిలిచిరి, కడపటి బల్లమీది విద్యార్థి పేరు ఏ పనికి ఎన్నిమాఱులు వచ్చినది, ఆ విద్యార్థి దానిని గుఱించి ఏమనుచున్నాడు అను మూడు సంగతులను చూచినచో, ఆ తరగతి న్యాయము ఎంతయో తెలిసిపోవును.

ప్రశ్నలు

1. సమర్థునికే ఎల్లప్పుడు పని అప్పగించుటవలన కలుగు నష్టములేవి?

2. నలుగురు రైతుల వంతులో గంటలు సమానమైనను న్యాయము లేదని ఏల చెప్పబడినది? దానిని సరిచేయు మార్గమును వివరింపుము.

3. ఉత్తరమేరూరు ఏర్పాటులోని మేలును, లోపమును తెలుపుము.

4. “ఎగువవానికిని ఎగువ కలదు” అను వాక్యమును నీ యూరిలోని ఒక యుదాహరణముతో విశదీకరింపుము.